మోరీ ముందా, సీసీ రోడ్డు ముందా?

ప్రశ్న: మొన్న డిసెంబరు ఎన్నికల్లో సర్పంచ్‌గా గెలిచాను. నా వయసు 31, డిగ్రీ చదివాను. మా ఊళ్లో 1,800 మంది జనం, పది వార్డులు. రెండు వాడకట్టులకు సీసీ రోడ్డు వేయిస్తానని ఓట్ల ముందు మాటిచ్చాను. ఒక కాంట్రాక్టర్ "పెట్టుబడి నాది, బిల్లు వచ్చినంకనే పైసలియ్యి" అంటున్నాడు. మా ఆయన ఒప్పుకొమ్మంటున్నారు. తక్కువ పడితే రెండెకరాల పాస్‌బుక్కు పెట్టి తెస్తానంటున్నారు. మా కార్యదర్శేమో ఉన్న నిధుల్లో సగానికి పైగా టైడ్ (ఫలానా పనికే అని కట్టేసినవి), రోడ్డుకు వాడరాదంటాడు. ఉపసర్పంచ్ అవతలి వర్గం. చెక్కు మీద సంతకం పెట్టనని హోటల్ దగ్గర అందరికీ చెప్తున్నాడట. పాత సర్పంచ్‌కు 11 లక్షల బిల్లులు రావాలి, అవి తేలేదాకా కొత్త పని పట్టనియ్యనంటున్నాడు. ఆఫీసు బీరువా తాళం ఇంకా ఆయన దగ్గరే ఉంది. అడగాలంటే మొహమాటంగా ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక సర్పంచ్, ఉమ్మడి నల్గొండ జిల్లా

జవాబు:

ముందు ఆ పాస్‌బుక్కు ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేయండమ్మా. మిగతా సంగతులు నెమ్మదిగా మాట్లాడుకుందాం.

నేను గ్రామ కార్యదర్శిగా చేరి ఈవోపీఆర్డీగా దిగిపోయిన మనిషిని. ఇప్పుడు ఆ కుర్చీకి ఎంపీవో, అంటే మండల పంచాయతీ అధికారి, అని పేరు మార్చారు. మీరు నా చిన్న కూతురి ఈడు. అయినా కూర్చున్నది సర్పంచ్ కుర్చీలో కాబట్టి మీరు అనే అంటాను. మా ఆఫీసుకు అప్పులు చేసి పనులు చేసిన సర్పంచులు చాలామంది వచ్చేవాళ్లు. మొదటి నెల బుల్లెట్ బండి మీద, ఆరో నెల ఆటోలో, రెండో ఏడు నడిచి. ఐదు లక్షలు రెండు రూపాయల వడ్డీకి తెచ్చారనుకోండి. నెలకు పదివేలు. బిల్లు రెండేళ్లు ఆగితే వడ్డీయే రెండు లక్షల నలభై వేలు. ఆ పనిని ఏఈ (ఇంజినీరు) కొలిచి ఎంబీలో (కొలతల పుస్తకంలో) రాస్తాడు కదా, ఆ ఎంబీలో వడ్డీకి గడి లేదు. సిమెంటు, కంకర, ఇసుక, కూలి, అంతే. మీ ముందటి పాలకవర్గాల వాళ్లు పెండింగ్ బిల్లుల కోసం హైదరాబాదు దాకా పోయి ధర్నాలు చేసి అరెస్టయిన సంగతి మీరు టీవీలో చూసే ఉంటారు. వాళ్లలో చాలామంది దొంగలు కారు. పైసలు ఖాతాలో పడకముందే పని పట్టారు, అదొక్కటే వాళ్ల తప్పు.

కాంట్రాక్టర్ పెట్టుబడి పెడతానంటే అదేదో పుణ్యం అనుకోకండి. ఏడాది ఆగే పైసలకు అతనూ వడ్డీ వేసుకుంటాడు. ఆ వడ్డీని రోడ్డు మందంలోంచి తీసుకుంటాడు. ఎట్లా తీసుకుంటాడో ముందుముందు చెప్తాను.

మీ కార్యదర్శి చెప్పింది నిజమే. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి దేశంలోని గ్రామీణ స్థానిక సంస్థలన్నిటికీ రూ. 2,36,805 కోట్లు ఇమ్మని చెప్పింది. ఊరికి చేరేసరికి అందులో నూటికి అరవై టైడ్, నలభై అన్‌టైడ్. టైడ్ అరవైలో ముప్పై పారిశుద్ధ్యానికి, ముప్పై తాగునీటికి, వాన నీటి గుంతలకు, వాడిన నీటిని మళ్లీ వాడుకునే ఏర్పాట్లకు. మీ ఊరికి ఏడాదికి పది లక్షలు వచ్చాయనుకుందాం. మూడు లక్షలు మోరీలకు, చెత్తకు. మూడు లక్షలు నీళ్లకు. మిగిలిన నాలుగు లక్షలు ఊరి అవసరాన్ని బట్టి. ఆ నాలుగులోనూ జీతాలకు, ఆఫీసు ఖర్చులకు ముట్టరాదు. 2026 ఏప్రిల్ నుంచి 16వ ఆర్థిక సంఘం కాలం. నిధుల ఉత్తర్వు చేతికి రాగానే ఎంత వచ్చిందో చూడటం కాదు, ఏ లెక్క కింద వచ్చిందో ముందు చూడండి.

ఖాతా ఎందుకు బోసిగా ఉందో కూడా ఊరికి చెప్పాలి, లేకపోతే మీరొచ్చాకే పైసలు పోయాయంటారు. పాత పాలకవర్గాల గడువు 2024 ఫిబ్రవరి 1తో అయిపోయింది. మళ్లీ ఓట్లు పడింది 2025 డిసెంబరు 11, 14, 17 తేదీల్లో. మధ్యలో దాదాపు రెండేళ్లు ప్రత్యేకాధికారులే. ఎన్నికైన పాలకవర్గం లేని పంచాయతీకి కేంద్ర ఆర్థిక సంఘం నిధులు ఇవ్వరాదన్నది షరతు.

ఇక మీ రోడ్డు. టైడ్ నిధులు మీ కాళ్లకు బంధం వేశాయని మీ బాధ. నాకు మాత్రం అవి మీ రోడ్డును కాపాడేటట్టు కనిపిస్తున్నాయి. మన ఊళ్లలో రోడ్లు ఎట్లా చచ్చిపోతాయో ఒకసారి గుర్తుచేసుకోండి. ముందు సీసీ వేస్తారు. కొబ్బరికాయ, ఫొటో, చప్పట్లు. ఆరు నెలలకు నల్లా పైపు వేయాలని నడిమిట్ల తవ్వుతారు. తవ్విన గాడిలో మట్టి పోసి పోతారు. రోడ్డుకు పక్క మోరీ లేదు కాబట్టి బాసండ్లు తోమిన నీళ్లన్నీ ఆ గాడిలోకే. రెండు వానాకాలాలకు మళ్లీ బురద. మిషన్ భగీరథ పైపులు వేసినప్పుడు తవ్విన గల్లీలు మీ ఊళ్లోనూ ఉండే ఉంటాయి. వెళ్లి చూడండి.

అందుకని వరుస తిప్పండి. నీళ్ల వాటాతో ఆ రెండు వాడకట్టుల పైపులైన్లు, లీకేజీలు, ఇళ్ల నల్లాలు ఈ ఏడే తేల్చేయండి. పారిశుద్ధ్యం వాటాతో మోరీ కట్టించండి. మోరీ చివర నీళ్లు ఎటు పోతాయో చూడకుండా మాత్రం మొదలుపెట్టకండి. ఎవరి పొలంలోకో పోయే మోరీ మీద మూడేళ్లు పంచాయితీ నడిచిన ఊరు నాకు తెలుసు. దిగువన ఇంకుడు గుంత పడే జాగ ఉందా, అది పంచాయతీ జాగేనా అన్నది ముందు తేలాలి. ఈ రెండూ అయ్యాక అన్‌టైడ్ నుంచి రోడ్డు. రెండు వాడకట్టులూ ఒకే ఏడాది కావు. మొదటిది ఏదన్నది మీరు చెప్పకండి, గ్రామసభతో చెప్పించండి.

ఉపాధి హామీ మెటీరియల్ పైసల మీద కూడా ఆశ పెట్టుకుని ఉంటారు. ఇన్నాళ్లూ ఊళ్లలో సీసీ రోడ్లు చాలామట్టుకు ఆ పద్దు కిందే పడ్డాయి. కూలికి అరవై, మెటీరియల్‌కు నలభై లెక్కన. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆ ఉపాధి హామీ చట్టం జాగలో కొత్త చట్టం తెచ్చింది. కాబట్టి మంజూరు పత్రం కంటితో చూసేదాకా ఆ పైసలను మీ లెక్కలో కలపకండి.

గ్రామసభ అంటే నలుగురిని కూర్చోబెట్టి సంతకాలు తీసుకోవడం కాదని మీకు చెప్పనక్కర్లేదు. కానీ ఆచరణలో అదే జరుగుతుంది. నా సర్వీసులో ఎన్ని గ్రామసభల రిజిస్టర్లు ఇల్లిల్లూ తిరిగి నింపారో నాకే తెలుసు. సిగ్గుపడుతూనే చెప్తున్నాను, వాటిలో కొన్ని నేనే తిప్పాను. 2018 పంచాయతీరాజ్ చట్టం రెండు నెలలకోసారి సభ పెట్టమంటుంది. మీ మొదటి సభకు టెంటు, మైకు ఖర్చు మానేసి ఒక పని చేయండి. పెద్ద చార్టు మీద మూడు లైన్లు రాయించండి: సొంత ఆదాయం ఇంత, రాష్ట్ర ఆర్థిక సంఘం నుంచి ఇంత, కేంద్రం నుంచి ఇంత, అందులో టైడ్ ఇంత. దాని కింద కరెంటు బిల్లు, కార్మికుల జీతాలు, ట్రాక్టర్ డీజిల్. ఇవన్నీ పోగా మిగిలింది చూసి జనం ముందు నవ్వుతారు, తర్వాత ఆలోచిస్తారు. "గింతేనా?" అని ఒక పెద్దమనిషి అడుగుతాడు. అడగనివ్వండి. మీరిచ్చిన మాట ఆ రోజు నుంచి మీ ఒక్కరిది కాదు.

ఆ సభలోనే 2026-27 ప్రణాళికకు తీర్మానం చేయాలి. ఇది చాలామంది కొత్త సర్పంచులు పట్టించుకోని చోటు. పైసలు ఖర్చు పెట్టేది చెక్కు రాసిన రోజని అనుకుంటారు. అసలు ఖర్చు నిర్ణయమయ్యేది జీపీడీపీ, అంటే ఈ పంచాయతీ ప్రణాళిక, రాసిన రోజు. ఆ ప్రణాళిక కేంద్రం వారి ఈ-గ్రామ్‌స్వరాజ్ సైటులోకి ఎక్కుతుంది. ఆర్థిక సంఘం పైసల చెల్లింపు కూడా అందులోంచే జరుగుతుంది. ప్రణాళికలో లేని పనికి బిల్లు పెట్టబోతే పెట్టే దారే కనిపించదు. ప్రత్యేకాధికారి ఉన్నప్పుడు మీ ఊరికి ఏం రాశారో కార్యదర్శిని అడిగి ప్రింటు తీయించండి. ఊరి పేరు మార్చి పక్క ఊరి ప్రణాళికే దించిన సందర్భాలు ఉన్నాయి. చెరువు లేని ఊరికి చెరువు కట్ట మీద మొక్కలు! ఇంకో సంగతి. ఆ సైటు అందరికీ తెరిచే ఉంటుంది. రాష్ట్రం, జిల్లా, మండలం, ఊరు నొక్కుకుంటూ పోతే ఏ పనికి ఎంత చెల్లించారో ఫోన్‌లోనే కనిపిస్తుంది. మీ ఊరి పిల్లలు మీకంటే ముందే చూస్తారు.

ఇప్పుడు రోడ్డు మందం సంగతి. వంద మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పు, పదిహేను సెంటీమీటర్ల మందం. మూడూ గుణిస్తే 45 ఘనపు మీటర్ల కాంక్రీటు. బిల్లు ఆ 45కే వస్తుంది. పొడవు, వెడల్పు పోసిన తర్వాత కూడా ఎవరైనా టేపు పెట్టి కొలవొచ్చు. మందం ఒక్కటే లోపల దాక్కుంటుంది. పదిహేను జాగలో పది సెంటీమీటర్లు పోస్తే అయ్యేది 30 ఘనపు మీటర్లు. మూడో వంతు కాంక్రీటు మాయం, పైనుంచి చూస్తే రోడ్డు రోడ్డులాగే ఉంటుంది. కాంట్రాక్టర్ వడ్డీ అక్కడ దొరుకుతుంది. అంచులకు పెట్టే పలకల ఎత్తు సరిగ్గా పెట్టి, నడుమ మాత్రం మట్టి ఎత్తు చేసి వదిలేస్తారు. అంచున కొలిస్తే పదిహేను, నడుమ తొమ్మిదే. కాబట్టి కాంక్రీటు పడకముందే పొద్దున్నే స్కేలు పట్టుకుని పోండి. ఈ పలక నుంచి ఆ పలకకు దారం లాగి కట్టండి, దారం నుంచి నేల దాకా నడుమ కొలవండి. పది చోట్ల కొలిచి నోటుపుస్తకంలో రాసుకోండి, ఫొటో తీయండి. ఆ వాడకట్టు ఆడవాళ్లను ఇద్దరిని వెంట తీసుకుపోండి. మర్నాటి నుంచి గట్లు కట్టి నీళ్లు నిలుపుతున్నారా లేదా అన్నది వాళ్లే చూసుకుంటారు. వాళ్ల గడప ముందటి రోడ్డు కదా. ఏఈ వచ్చి ఎంబీ రాసిన రోజు ఆ పేజీ జిరాక్స్ మీ దగ్గర పెట్టుకోండి. సర్పంచ్ దగ్గర ఎంబీ నకలు ఉండదు, ఎందుకుండదో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

రోడ్ల మీద అందరి కన్నూ ఉంటుంది కానీ చిల్లర ఖర్చులే ఊరిని ఎక్కువగా తింటాయి. మోటారు వైండింగు, బ్లీచింగ్ పౌడరు, వీధిలైట్లు, బోరు ఫ్లషింగ్. మోటారు కాలిందని బిల్లు వస్తే ఒక్కటే అడగండి: కాలిన వైండింగు తీగ ఎక్కడ? రాగి తీగకు పాత సామాను కొట్లో రేటుంది. అది పంచాయతీ సొత్తు. ఒకే మోటారు ఏడాదిలో నాలుగుసార్లు కాలితే అది మోటారు తప్పు కాదు.

ఉపసర్పంచ్ విషయంలో మీరు కోపంతో ఉన్నారు. నేను కొంచెం అటువైపు మాట్లాడతాను. 2018 చట్టం సర్పంచ్‌కూ ఉపసర్పంచ్‌కూ కలిపి చెక్‌పవర్ ఇచ్చింది. మీకు నచ్చని మనిషి సంతకం మీ సంతకం పక్కన ఉంటే, రేపు ఆడిట్‌లో ఏ మాట వచ్చినా అది ఒక్కరి మీదికి రాదు. మీ మనిషే ఉండి కళ్లు మూసుకుని సంతకం పెడితే మీకు నిద్ర బాగా పట్టొచ్చు, కానీ అది మంచి నిద్ర కాదు. రాత్రిపూట వాళ్లింటికి చెక్కుబుక్కు పట్టుకుని పోకండి, మధ్యవర్తులను పంపకండి. ప్రతి బిల్లునూ నెలవారీ సమావేశంలో పెట్టి, చదివించి, తీర్మానం చేయించండి. ఆయన వార్డు పని కూడా ప్రణాళికలో ఉండాలి. ఓట్ల పగ అక్కడ చూపించారో, మీ రోడ్డు సంతకం దగ్గర అది వడ్డీతో తిరిగొస్తుంది. తీర్మానమైన బిల్లు మీద కూడా సంతకం పెట్టకపోతే కారణం రాతపూర్వకంగా అడగండి, ఆ కాగితం నకలు ఎంపీవోకు, జిల్లా పంచాయతీ అధికారికి (డీపీవో) పంపండి. హోటల్ దగ్గర మాట్లాడినంత తేలిక కాదు కాగితం మీద "సంతకం పెట్టను" అని రాయడం.

మినిట్స్ బుక్కు గురించి ఒక పాత ముచ్చట. నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన ఊళ్లో సమావేశం అయ్యాక పేజీ కింద అందరూ సంతకాలు పెట్టారు. చివరి తీర్మానానికీ మొదటి సంతకానికీ నడుమ రెండు వేళ్ల జాగ మిగిలింది. నెల తర్వాత చూస్తే ఆ జాగలో "మరియు బోరు మరమ్మతు నిమిత్తము" అంటూ ఒక మొత్తం వచ్చి కూర్చుంది. సిరా రంగు కూడా వేరే. ఎవరు రాశారో అందరికీ తెలుసు, ఎవరూ అనలేదు. రికవరీ నోటీసు వచ్చింది మాత్రం ఆ పేజీ కింద సంతకం పెట్టిన సర్పంచ్‌కు. పాపం, ఆమెకు సంతకం పెట్టడం తప్ప చదవడం రాదు. మీకు చదువొచ్చు. ఖాళీ జాగ మీద అడ్డగీత కొట్టండి, ఆ తర్వాతే సంతకం.

దీంతో పాటే ఇంకో మాట అడుగుతాను, కష్టపెట్టుకోకండి. చెల్లింపులకు మీ సంతకంగా పనిచేసే డిజిటల్ కీ ఎవరి జేబులో ఉంది? ఓటీపీ వచ్చే నంబరు మీదా, మీ ఆయనదా? మీ ఆయన మంచివారే అయి ఉంటారు. భార్య కోసం పొలం పెడతానన్నవారు చెడ్డవారెట్లా అవుతారు! కానీ ఆ కీతో జరిగిన ప్రతి చెల్లింపూ మీరు చేసినట్టే లెక్క. "మా ఆయన నొక్కారు" అనే జవాబు ఏ విచారణలోనూ చెల్లదు. పంచాయతీ కంప్యూటర్ ఆపరేటర్ దగ్గర వదిలేయడమూ అంతే. మెడలో తాళి ఎక్కడుంటుందో కీ కూడా అక్కడే ఉండాలని మా ఎంపీడీవో మేడం ఒకావిడ అనేది.

పన్నుల మీద ఎక్కువ చెప్పను. పన్నుల లెక్క మార్చి 31తో ముగుస్తుంది. డీసీబీ (ఎవరెంత కట్టాలి, ఎంత కట్టారు, ఎంత బాకీ అన్న పట్టిక) తెప్పించుకుంటే బకాయిల్లో మొదటి పేర్లు ఊరి పెద్దలవే ఉంటాయి. మీ ఇంటి పన్ను, ఆ తర్వాత పది మంది వార్డు సభ్యులవి ముందు కట్టి, రశీదు నంబర్లు గ్రామసభలో చదివించండి. వరంగల్ దగ్గర గంగదేవిపల్లి పేరు వినే ఉంటారు. ఒక్కో పనికి ఒక్కో కమిటీ వేసుకుని, పన్ను పూర్తిగా కట్టుకుని పేరు తెచ్చుకున్న ఊరు. కేంద్రం పైసలు ఆగినా వీధిలైటు వెలిగేది ఇంటి పన్నుతోనే.

పాత సర్పంచ్ బిల్లులు. 11 లక్షలు అని ఆయన నోటితో చెప్పిన లెక్కను మీరు ఒప్పుకోవద్దు, కొట్టేయవద్దు. మూడు కాగితాలు అడగండి: తీర్మానం, ఎస్టిమేట్ మంజూరు, ఎంబీ. మూడూ ఉన్న పనికి పంచాయతీయో, ఆ పథకం నడిపిన శాఖో బాకీ ఉన్నట్టే. అది ఆయన సొంత బాకీ కాదు. సర్పంచ్ మారినా పంచాయతీ మారదు. ట్రెజరీకి వెళ్లి టోకెన్ పడి ఆగిన చెక్కులు వేరుగా, అసలు ఎంబీయే రాయని పనులు వేరుగా పట్టిక వేయించండి. మొదటి రకానికి మీరే లెటర్ రాయండి, ఆయనతో పాటు మండలానికి పోండి. రెండో రకానికి పని కళ్లకు కనిపిస్తే ఏఈతో కొలిపించమని అడగొచ్చు. కనిపించని పనికి చేయగలిగింది లేదు, అది ఆయనకూ తెలుసు. ఆయన బిల్లు తేలేదాకా మోరీ ఆపడం మాత్రం కుదరదని మర్యాదగానే చెప్పండి. ఆ టైడ్ పైసలు ఎట్లాగూ ఆయన బిల్లులకు పనికిరావు.

ఇక తాళం. ఆయన ఇంటికి మీరు ఒక్కరే పోకండి, ఆయన్నే ఆఫీసుకు పిలవండి. "అన్నా, చాయ్ తాగి బీరువా చూపించి పోండి" అంటే వస్తారు. ఆ పూట కార్యదర్శి, ఉపసర్పంచ్, ఇద్దరు వార్డు సభ్యులు కూడా ఉండాలి. ఉపసర్పంచ్‌ను తప్పకుండా పిలవండి. బీరువా తెరిచాక ఒక్కొక్కటే తీసి రాయించండి: మినిట్స్ బుక్కులు ఎన్ని, క్యాష్‌బుక్కు ఏ తేదీ దాకా రాశారు, స్టాక్ రిజిస్టర్ ఉందా, ట్రాక్టర్ కాగితాలు, ఇంటి జాగల రికార్డులు. రశీదు పుస్తకాల దగ్గర ఆగండి. వాడినవి కాదు, వాడనివి. ఏ నంబరు నుంచి ఏ నంబరు దాకా ఖాళీగా ఉన్నాయో, నడుమ ఏదైనా పుస్తకం లేదో కార్యదర్శితో గట్టిగా చదివించి రాయించండి. చివర అందరి సంతకాలూ, పాత సర్పంచ్‌ది కూడా. కాగితం కింద మిగిలిన జాగకు అడ్డగీత కొట్టాక తాళం తీసుకోండి.